మూడు చుక్కల పేజీ

ప్రెస్సు వెనక గది,
సోమవారం

అక్కా,

చిట్టికి కడుపునొప్పి తగ్గిందా? తగ్గి ఉండదు. ఎందుకు తగ్గదో ఇవాళ మా పేపర్లో వేశారు. నాలుగో పేజీ తెరువు. పైనుంచి కిందిదాకా మన ఊరే.

మా విలేకరి మీ వైపు మూడు వార్డుల్లో కుళాయి నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్షకి పంపాడట. రంగుల మిల్లు వదిలే నీళ్ళు మంచినీళ్ళ కాలవలో కలుస్తున్నాయట. ఆ విషం కాచినా పోదు, వడకట్టినా పోదు. మీ వార్డు పేరు రెండోది. మిల్లు యజమానికి మన మున్సిపల్ ఛైర్మన్ స్వయానా బావమరిది అని కూడా బెదరకుండా రాశాడు. రెండు నెలల్లో ఎన్నికలు. ఇంకేం కావాలి?

ఈ ఉత్తరం ఏ పేపర్ల కట్టలో పెడుతున్నానో ఆ కట్టలోనే ఆ పేపరూ ఉంది. ఏజెంటు గారు రెండూ కలిపి నీ చేతికిస్తారు. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే కుట్టు షెడ్డులో గట్టిగా చదువు. నీ చుట్టూ కూర్చునే ఇరవై మందికీ వినపడాలి. కాజాలు కుట్టే పిన్నికి చెవుడు కదా, ఆవిడ పక్కనే నిలబడి చదువు.

నేను బాగానే ఉన్నా. గదిలో ముగ్గురం, ముగ్గురివీ మూడు షిఫ్టులు. ఒకడు లేచిన పక్క మీదే ఇంకొకడు పడుకుంటాం. వాళ్ళ మొహాలకన్నా వాళ్ళ దిండు వాసనే నాకు బాగా తెలుసు. మెషీను దగ్గర మాట్లాడినా వినపడదు కాబట్టి ఎవరూ మాట్లాడరు. భోజనాల వేళ ఇంకు పలచబడి పక్కన పారేసిన కాపీలు ముందేసుకుని చదువుకుంటా. ఇవాళ ఆ నాలుగో పేజీ చదువుతుంటే భోజనం చల్లారిపోయింది.

ప్లేటు మార్చడంలో నన్ను మించినవాడు లేడని ఫోర్‌మన్ అంటున్నాడు. మెషీను ఆపి, పాత ప్లేటు ఊడదీసి, కొత్తది బిగించి, మళ్ళీ తిప్పడానికి అందరికీ ఆరు నిమిషాలు పడితే నాకు నాలుగు. ‘నాలుగు నిమిషాల మొనగాడు’ అని పేరు పెట్టారు. నవ్వకు.

చదివాక ఎవరేమన్నారో ప్రతి మాటా రాయి.

నీ తమ్ముడు


కుట్టు షెడ్డు,
గురువారం

ఒరేయ్ మొనగాడా,

నవ్వొద్దన్నావు కాబట్టి నవ్వాను. ఏజెంటు గారు నీ ఉత్తరం ఇస్తూ, "మీవాడి చేతిరాత కుదుటపడిందమ్మా, ఇదివరకు చీమలు పాకినట్టుండేది" అన్నారు.

నువ్వు చెప్పినట్టే పేపరు తెరిచాను. నాలుగో పేజీలో అలాంటిదేమీ లేదురా. మిల్లువాళ్ళు బడికిచ్చిన బెంచీల మీద పిల్లలు కూర్చున్న ఫొటో ఉంది. వెనక ఛైర్మన్ గారు నిలబడి నవ్వుతున్నారు. కింద సగం పేజీ మిల్లు దుప్పట్ల ప్రకటన. పోనీ పేజీ తప్పు రాశావేమోనని మొదటి పేజీ నుంచి ఆటల పేజీదాకా వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళాను. లేదు. వేరే రోజుది చూసి ఉంటావు, లేదా వేరే ఊరిది. అలసిపోయిన కళ్ళకి ఎవరి ఊరయినా మన ఊరిలాగే కనిపిస్తుంది.

నువ్వు రాసింది షెడ్డులో చెప్పలేదు. పేపర్లో లేనిది నా నోటితో చెబితే అది కబురవుతుంది, వార్త కాదు. వాళ్ళు నా చుట్టూ కూర్చునేది నేను చదువుతానని. నేను చెబుతానని కాదు.

చిట్టి ఈ వారం మూడు రోజులు బడికి వెళ్ళలేదు. నీళ్ళు కాచి చల్లార్చి ఇస్తున్నా. తిన్నది పడటం లేదంటాడు డాక్టరు. తింటేగా పడకపోవడానికి! మీ బావ దగ్గర్నుంచి కబురు లేదు. ఆ వంతెన పని అయ్యేదాకా రాడు. సాయంత్రాలు పిల్ల పక్కన కూర్చుని గోడ చూస్తుంటా. నీ ఉత్తరం పైకి చదువుకుంటా. ఇంట్లో ఇంకో మనిషి గొంతు విన్నట్టుంటుంది.

వేళకి తిను.

అక్క


ప్రెస్సు వెనక గది,
మంగళవారం

అక్కా,

నా కళ్ళకేం రోగం లేదు. తేదీ చూశాను, పేజీ నంబరు చూశాను, మన వీధి పేరు కూడా చూశాను. ఆ కాపీ ఇప్పుడు నా దిండు కింద ఉంది.

ఒకటి అడుగుతా, నిజం చెప్పు. మీ షెడ్డు సూపర్‌వైజరు ఆ పేజీ తీసేసి ఇచ్చాడా, నువ్వే దాటేశావా? చిన్నప్పట్నుంచీ నీది ఇదే వరస. ఇంటి ఓనరు అరిస్తే తలుపేసుకునేదానివి. నేను రాయి తీసుకుంటే నా చెయ్యి పట్టుకునేదానివి. ఊళ్ళో ఎవడేం చేసినా మనకెందుకురా అనడమే నీకు తెలుసు. ఇరవై మంది తమ చెవులు తెచ్చి నీ చేతిలో పెడితే వాటిలో దూది కుక్కుతున్నావు. పిల్ల నీ కళ్ళముందే వాడిపోతోంది. ఇంకా ఎవరి పరువు కాపాడుతున్నావు?

బెంచీల ఫొటో అట. అబద్ధం ఆడాలంటే ఇంకాస్త మంచిది ఆడు.

ఇక్కడ నాకెవరున్నారు? నేను బిగించిన పేజీ మా అక్క చదువుతుంది, ఆమె గొంతులో మా ఊరు వింటుంది అనుకుంటూ ఆ రొదలో ఎనిమిది గంటలు నిలబడుతున్నా. అదీ లేదన్నమాట.

తమ్ముడు


కుట్టు షెడ్డు,
నెలాఖరు శుక్రవారం

తమ్ముడికి,

మూడు వారాలు జవాబు రాయలేదు. రాయబుద్ధి కాలేదు.

షెడ్డులో మేం ఏ పేపరూ పారెయ్యం. నేను చదవడం మొదలుపెట్టిన నాటినుంచీ అన్నీ అలమారలో ఉన్నాయి. ఆ రోజు కాపీ తీసి నాలుగో పేజీ దీనితో పెడుతున్నా. తేదీ చూసుకో. దూది ఎవరు కుక్కారో కూడా చూసుకో.

చిట్టిని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. రక్తం తీశారు. ఏమీ చెప్పలేదు.

ఇక కట్టల్లో ఉత్తరాలు పెట్టకు.

మీ అక్క


ప్రెస్సు వెనక గది,
బుధవారం

అక్కా,

పెట్టొద్దన్నా పెడుతున్నాను. చదవకపోయినా సరే, చింపకు.

నీ ఉత్తరం అమ్ముడుపోని కాపీల కట్టలో తిరిగొచ్చింది. వాపసు గదిలో నేల మీదే కూర్చుని విప్పాను. నా దిండు కింది కాపీ తెచ్చి పక్కన పెట్టాను. తేదీ ఒకటే. పేజీ నంబరు ఒకటే. పేపరు పేరు ఒకటే. పేజీలే వేరు. అడుగున తేదీ పక్కన నా దానికి ఒక చుక్క ఉంది. నీ దానికి మూడు.

ఆ చుక్కలు నాకు కొత్త కాదు. కట్టలు కలిసిపోకుండా పెడతారు. నగరానికి ఒక చుక్క, పక్క మెషీను మీద వేసే చుట్టుపక్కల కాపీలకి రెండు, మన వైపుకి మూడు. నగరం కాపీలు అయిపోగానే ఫోర్‌మన్ చెయ్యి ఊపుతాడు, మెషీను ఆగుతుంది, మూడు చుక్కల ప్లేటు బిగిస్తాం. బస్సుల వేళలూ సినిమా ప్రకటనలూ ఊరికో రకంగా ఉంటాయి కదా, అందుకే మారుస్తున్నారనుకున్నా. ఎవరూ అలా చెప్పలేదు. నేనే అనుకున్నా.

బిగించేది నేనే అక్కా. ఆ బెంచీల ఫొటో నా చేతుల్లోంచే మీ ఊరొచ్చింది. ప్లేటు మీద అక్షరాలు తిరగబడి కూడా ఉండవు, పేపరు చదివినట్టే చదవొచ్చు. చదివి ఉంటే ఐదు నిమిషాలు పట్టేది. నేను నాలుగు నిమిషాల మొనగాడిని కదా.

నిన్నన్న మాటలు వెనక్కి తీసుకోవడం ఎలాగో తెలియదు. అచ్చయిపోయాయి. ఆ ఉత్తరం కాల్చెయ్యి.

మేడ మీదికి వెళ్ళాను. పేజీలు చూసే ఆయన ముందు రెండు కాగితాలూ పరిచాను. ఇంకు చేతులతో ఆయన బల్ల ముట్టుకున్నందుకు ముందు దాన్ని తుడిచాడు. తర్వాత మర్యాదగానే మాట్లాడాడు.

"మీ ఊళ్ళో మనవి రెండు వేల కాపీలు. ఆ బండి అక్కడిదాకా వెళ్తోందంటే మిల్లు ప్రకటన వల్లే. అది ఆగితే రేపట్నుంచి మీ ఊరికి ఏ వార్తా వెళ్ళదు. అది మంచిదా?"

"మరి వార్త రాయడం ఎందుకండీ?"

"నగరంలో మంత్రులు చదివారు, పై అధికారులు చదివారు. బయటి దేశాల వాళ్ళు కూడా ఫోన్లు చేశారు. అది చాలదా?"

"నీళ్ళు తాగేవాళ్ళు చదవలేదండీ."

ఆయన కళ్ళజోడు తీశాడు. "బాబూ, మనలాంటి దేశాల్లో పూర్తిగా నోరు మూసుకున్న పేపర్లున్నాయి. మనం సగమైనా తెరిచాం."

 జవాబు నాకు మెట్లు దిగుతుంటే తోచింది. తెరిచిన సగం మీ వైపు లేదు. ఆ నీళ్ళ సంగతి, రేపు అక్కడ ఓటు వెయ్యాల్సిన వాళ్ళకి తప్ప అందరికీ తెలుసు. దానికి బహుమతి కూడా ఇస్తారట ఆ విలేకరికి.

నా ఒక చుక్క కాపీ పంపుతున్నా. ఇదైనా చదువు.

తమ్ముడు


కుట్టు షెడ్డు,
సోమవారం

తమ్ముడూ,

ఆ ఉత్తరం కాల్చలేదు. కాలిస్తే నిన్ను తిట్టుకోవడానికి నా దగ్గర ఏం మిగులుతుంది? పోనీలే. నువ్వూ నేనూ ఒకే పని చేశాం. నువ్వు చదవకుండా బిగించావు, నేను బిగించింది చదివాను.

నువ్వు పంపిన పేజీ పోయిన వారం చదివాను. నువ్వు చెప్పినట్టే పిన్ని పక్కన నిలబడి, ఒక్క ముక్క వదలకుండా. చదువుతుంటే కుట్టుమెషీన్ల మీద చేతులు కూడా ఆగిపోయాయి. అయ్యాక పిన్ని, "ఏదీ, ఇటియ్యి" అంది. ఆవిడకి చదువు రాదు. అయినా కాగితం వెలుతురుకి పెట్టి చూసింది.

"ఇది ఎప్పటిదే?"

తేదీ చెప్పాను. కటింగు వదిన లేచి, ఎదురుగా మంగలి షాపుకెళ్ళి, పాత దొంతరలోంచి అదే తేదీ పేపరు వెతికి తెచ్చింది. రెండూ బల్ల మీద పరిచారు. అందులో బెంచీలు. ఇందులో నీళ్ళు.

"మీ తమ్ముడు ప్రెస్సులోనేగా పని?" అంది వదిన.

"అవును. అందుకే దొరికింది."

"అందుకే దొరికిందో, అందుకే అచ్చయిందో!"

అందరూ నవ్వారు. నేను చుక్కల సంగతి చెప్పాను. ఎంత చెబితే అంత కట్టుకథలా ఉంది, నా చెవులకే. ఊరంతటి దగ్గరా ఒక పేపరుంది, నా ఒక్కదాని దగ్గర ఇంకోటుంది. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

తిట్టినా బావుండేది. పిన్ని నా తల నిమిరి, "పిల్ల జబ్బుతో దీనికి మనసు మనసులో లేదు, ఏమీ అనకండే" అంది. ఆ మర్నాటి నుంచి ప్యాకింగు పిల్ల చదువుతోంది. తడబడుతూ చదువుతుంది. అయినా దానికి తమ్ముళ్ళెవరూ ప్రెస్సులో లేరు. నేను కిటికీ దగ్గర కూర్చుని తింటున్నా. ఇన్నేళ్ళూ నేను చదువుతుండగానే వాళ్ళు తినేసేవారు, నేను చివర్లో తినేదాన్ని. ఇప్పుడు అందరితో పాటే తింటున్నా, ఒక్కదాన్నే.

చిట్టి నీళ్ళు అడిగితే గ్లాసు నింపి, పారబోసి, మళ్ళీ అదే కుళాయి కింద పెడుతున్నా. వేరే నీళ్ళు ఎక్కడున్నాయి?

అక్క


ప్రెస్సు,
గురువారం రాత్రి, పదిన్నర

అక్కా,

టైము లేదు. ఇవాళ రెండో వార్త వస్తోంది. మీ పెద్దాసుపత్రిలో రక్తం తీసిన పదకొండు మంది పిల్లల ఫలితాలు విలేకరి సంపాదించాడు. పేర్లు లేవు, వార్డులున్నాయి. మీ వార్డువి ఐదు. నాలుగో పేజీయే. మూడు చుక్కల ప్లేటు కూడా సిద్ధంగా గోడకి ఆనించి ఉంది. దాన్లో మిల్లువాళ్ళ ఉచిత కంటి పరీక్షలు. ఈసారి చదివాను.

ఒక్క కాపీ కట్టుకథలా ఉందన్నావు. రెండు వేలు ఎలా ఉంటాయో చూద్దాం. నగరం లాటు అయ్యాక మెషీను ఆగుతుంది. నేను వంగుతాను, నాలుగు నిమిషాలు ఏదో చేస్తాను, లేస్తాను. ప్లేటు మారదు.

భయపడకు. నా చెయ్యి పట్టుకోవడానికి నువ్విక్కడ లేవు. ఉంటే బావుండేదనిపిస్తోంది, అది వేరే సంగతి.

ఈ ఉత్తరం ఉన్న కట్ట నువ్వే విప్పు. అడుగున ఒక్క చుక్కే ఉండాలి.

తమ్ముడు


ఇల్లు,
ఎన్నికలైన మూడో రోజు

ఒరేయ్,

ఇది పోస్టులో వేస్తున్నా. కట్టల్లో ఇక ఉత్తరాలు తీసుకోనని ఏజెంటు గారు అన్నారు. ఆయన్ని తప్పు పట్టకు. ఆ శుక్రవారం ఆయనే కదా ముందు చూసింది. "అమ్మా, ఇవాళ్టి పేపరు తేడాగా ఉంది" అని షెడ్డు గేటు దాకా పరిగెత్తుకొచ్చి నా చేతిలో పెట్టి పోయారు. పది గంటలకల్లా మిల్లు జీపు బస్టాండుకొచ్చి మిగిలిన కాపీలన్నీ ఎత్తుకుపోయింది. అప్పటికే సగం ఊళ్ళో పడ్డాయి.

నేను నోరు విప్పలేదు. మధ్యాహ్నం బెల్లు కొట్టాక వదిన మంగలి షాపు కాపీ తెచ్చింది. పిన్ని టీ కొట్టు కాపీ తెచ్చింది. ఇంకెవరో బడి పంతులు గారిది అడిగి తెచ్చారు. మూడూ పక్కపక్కన పరిచారు. మూడింట్లోనూ ఉంది. ప్యాకింగు పిల్ల రెండు వాక్యాలు చదివి ఆగిపోయింది. దాని చెల్లెలికీ ఆ నెలలోనే రక్తం తీశారు.

పిన్ని నన్ను పిలిచింది. "రావే. నువ్వు చదువు."

చదివాను. మా వార్డు దగ్గరకొచ్చాక ఆగి, నీళ్ళు తాగి చదువుదామని గ్లాసు అందుకున్నాను. వదిన లేచి నా చేతిలో గ్లాసు లాక్కుంది.

ఆ సాయంత్రం ఖాళీ బిందెలతో మున్సిపల్ ఆఫీసు ముందు రెండు వందల మంది కూర్చున్నారు. నేనూ కూర్చున్నా, నమ్ముతావా? సూపర్‌వైజరు అటుగా వెళ్తూ చూశాడు కూడా. ఇప్పుడు రోజు విడిచి రోజు పైఊరి నుంచి నీళ్ళ ట్యాంకరు వస్తోంది. చిట్టి ఆ నీళ్ళే తాగుతోంది. నిన్న రెండోసారి పెట్టమని అడిగింది. అంతకన్నా ఎక్కువ ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు.

ఛైర్మనే మళ్ళీ గెలిచాడు. ఆ మూడు వార్డుల్లో ఓడాడు, మిగతా ఊరంతా గెలిచాడు. కాలవ ఇంకా పారుతూనే ఉంది.

ఇంకో సంగతి. నన్ను మళ్ళీ చదవమన్నారు. నిన్న పేపరు తెరిచాను. పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. ఇది ఎన్ని చుక్కలది?"

"మూడు."

"నువ్వు మాకు చదవబట్టి ఎన్నేళ్ళయింది?"

"ఆరు."

"ఆరేళ్ళు నువ్వు చదివినవి విన్నాం సరే. చదవనివి ఎన్నున్నాయే?"

కోపంగా అడగలేదురా. తెలుసుకుందామనే అడిగింది. పేపరు మడిచేశాను. ఆ అలమార ముందు నిలబడితే నా ఆరేళ్ళూ వేరే ఎవరో గడిపినట్టుంది.

నీ ఉద్యోగం సంగతి రాయలేదు నువ్వు. అంటే పోయింది. ఏం తింటున్నావు?

అక్క


గ్రంథాలయం, పాత పేపర్ల గది,
శనివారం

అక్కా,

పోయింది. మిల్లువాళ్ళు ఆ రోజే ఫోన్ చేసినా, ఎవరి పనో వారానికి కనిపెట్టారు. నిజానికి ఫోర్‌మన్ ఆ రోజే చూశాడు. ఆఖరి లాటులోంచి ఒక కాపీ తీసి, అడుగున చూసి, నా మొహం చూశాడు. చెయ్యి ఆపు మీట మీద ఉంది. నొక్కలేదు. ఆ కాపీ మడిచి చంకలో పెట్టుకుని టీకి వెళ్ళిపోయాడు. ఇప్పుడు వీధిలో కనిపిస్తే పలకరించడు. పిల్లలున్నవాడు.

పగలు ఒక పెళ్ళిపత్రికల ప్రెస్సులో పని దొరికింది. నాలుగింటికల్లా ఇక్కడికొస్తా. మా పేపరు పాత సంవత్సరాలవి అట్టలు కట్టి పెట్టారు, అన్నీ ఒక చుక్కవే. బల్లకి అటు చివర కునుకుతీసే ముసలాయన తప్ప ఎవరూ రారు. నేను పనిలో చేరిన రోజు నుంచి మొదలుపెట్టి, మన ఊరి పేరు ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగి చేత్తో రాసుకుంటున్నా. పిన్ని అడిగిందానికి ఇంతకన్నా వేరే జవాబు నాకు తెలియదు. నేను చేరకముందు రెండేళ్ళవి తర్వాత చూస్తా.

మొదటి మూడు నెలలు అయ్యాయి. పధ్నాలుగు దొరికాయి. అన్నీ దీనితో పంపుతున్నా. మీ అలమారలో అవే తేదీల కాపీలు తీసి పక్కన పెట్టి చూడండి. ఉన్నవాటికి టిక్కు పెట్టు. లేనివి చదివి వినిపించు. పేపరు అనకు, ఉత్తరం అనకు, ఊరికే చదువు.

ఎనిమిదోది ముందు చదువు. అది వార్త కాదు, ప్రభుత్వ ప్రకటన, మూలన చిన్న అక్షరాల్లో. రంగుల మిల్లు వాడిన నీళ్ళు బయటికి వదలడానికి కొత్త కాలవ తవ్వుకుంటామని అనుమతి అడిగింది. ఊరివాళ్ళకి అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లోగా రాసి పంపాలి. ఒక్క అభ్యంతరమూ రాలేదని పదకొండోదాంట్లో ఉంది. అందుకే అనుమతి ఇచ్చారు. ఆ ప్రకటన మీ కాపీలో ఉంటే నాకు రాయి. ఉండదు.

నాలుగేళ్ళ కిందటి మాట. అయినా ఆ రెండు వందల మందిచేతా అభ్యంతరాలు రాయించు. రాయడం రానివాళ్ళు చెబితే నువ్వు రాయి, వేలిముద్ర వాళ్ళు వేస్తారు. చిట్టి తరఫున నువ్వు రాయి. అన్నీ నాకు పంపు. ఆ అనుమతి ఇచ్చిన ఆఫీసు ఇక్కడికి రెండు వీధుల అవతలే. కిటికీ దగ్గర నేనే నిలబడి ఇస్తా. గడువు ఎప్పుడో దాటిపోయిందంటారు.

మా ఊరికి పేపరు ఇప్పుడే అందిందని చెబుతా.

తమ్ముడు